నిషేధమా, అంగడా? : ఆబ్కారీ పద్దు చెప్పే చరిత్ర

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్రలోంచి నేటి కాలానికి పనికివచ్చేది ఏదైనా రాయమని కార్యవర్గం వారు అడిగారు. వెంటనే నాకు మొన్నటి నెలవారీ సమావేశంలో టీ వేళ జరిగిన వాదన జ్ఞాపకం వచ్చింది. పై దేశాల్లో గంజాయికి లైసెన్సులిచ్చి అమ్ముతున్నారట, మనమూ అలా చేస్తే దొంగ వ్యాపారం పోతుంది, ప్రభుత్వానికి నాలుగు డబ్బులు వస్తాయి గదా అని ఒక మిత్రులన్నారు. గంజాయి మాట అటుంచండి, అసలు మద్యాన్నే పూర్తిగా ఆపాలి అని మరొకరు గట్టిగా అడ్డుకున్నారు. ఇద్దరూ పెద్దలే, ఇద్దరూ మనవలున్నవారే. ఇద్దరూ మన మంచి కోరే ఆ మాట అన్నారు.

ఈ వాదనకు జవాబు వెతకడానికి పై దేశాలకు పోనక్కరలేదని నా అభిప్రాయం. మత్తు పదార్థాన్ని లైసెన్సిచ్చి అమ్మడమూ, చట్టం పెట్టి ఆపడమూ రెండూ మన ఆంధ్ర దేశంలో ఒకటికి రెండుసార్లు జరిగాయి. ఆ అనుభవాన్ని వరుసగా మీ ముందుంచి, చివర నాకు తోచింది మనవి చేస్తాను.

ఒకే పెట్టె, రెండు పద్దులు

మాది ఈపూరు. ఒకప్పుడు గుంటూరు జిల్లా వినుకొండ తాలూకా, 2022 నుండి పల్నాడు జిల్లా. నేను ఖజానా శాఖలో గుమాస్తాగా చేరి, ఉపఖజానా అధికారిగా పదవీ విరమణ చేశాను. ఖజానాలో పనిచేసిన వాళ్లకు మనుషుల పేర్లకన్నా పద్దుల నంబర్లు ఎక్కువ జ్ఞాపకం ఉంటాయి. మన పెన్షన్లు 2071 పద్దు కింద ఖర్చు. మద్యం మీద వచ్చే ఆబ్కారీ రాబడి 0039 పద్దు కింద జమ. పద్దులు వేరైనా పెట్టె ఒకటే. ఆ కిటికీలోంచి లోపలికి వచ్చిన సొమ్ములోనే మన జీతాలు, మన డి.ఏ.లు, ఇప్పటి పెన్షన్లు బయటికి వెళ్లాయి. గనుక ఈ చర్చలో మనం గట్టున కూర్చుని చూసేవాళ్లం కాము. తాగని వాడికి కూడా దీనితో చుట్టరికం ఉంది.

చెట్టు పన్ను రోజులు

తెల్లదొరల కాలంలో 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. కల్లు గీయాలంటే చెట్టుకింతని పన్ను కట్టాలి. దుకాణం నడపాలంటే వేలంపాటలో పాడుకోవాలి. సారాయికి వేరే సుంకం. నేటి పిల్లలకు ఆశ్చర్యంగా ఉంటుందిగాని గంజాయి కూడా ఆ చట్టం కిందనే లైసెన్సు దుకాణాల్లో అమ్ముడయ్యేది. నల్లమందుకు 1878 నాటి చట్టం వేరే ఉండేది. అంటే మన మిత్రులు కోరే పద్ధతి మనకు కొత్తది కాదు. మన ముత్తాతల కాలంలో అమల్లో ఉన్నదే.

ఆ రోజుల్లో గంజాయిని పూర్తిగా నిషేధించాలా అన్న ప్రశ్న బ్రిటిషు పార్లమెంటు దాకా పోయింది. 1893లో ఒక సంఘాన్ని వేశారు. దానిని గంజాయి కమిషన్ అనుకుందాం. ఏడుగురు సభ్యులు దేశమంతా తిరిగి సుమారు 1200 మంది సాక్షులను విచారించి, 1894లో సంపుటాల కొద్దీ నివేదిక ఇచ్చారు. మితంగా వాడేవారికి పెద్ద హాని కనిపించలేదనీ, అతిగా వాడితే హానికరమనీ వారు తేల్చారు. పూర్తిగా నిషేధిస్తే అమలు చేయడం కష్టం, జనం ఇంతకన్నా చెడ్డ మత్తుకు పోతారు, కాబట్టి పన్ను వేసి, సాగునూ దుకాణాలనూ అదుపులో పెట్టండి అని సలహా ఇచ్చారు. నూట ముప్పై ఏళ్ల కిందట ఇంత ఓపికగా విచారణ జరిగిందంటే మెచ్చుకోవలసిందే. అయితే ఆ సలహా అందుకున్న ప్రభుత్వానికి గంజాయి మీద ఆదాయం ఉన్నదన్న సంగతి కూడా మనం మరువరాదు.

ఆ ఆదాయం మీదనే గాంధీగారి దెబ్బ పడింది. 1921లో సహాయ నిరాకరణ వచ్చినప్పుడు ఆంధ్ర జిల్లాల్లో కల్లు దుకాణాల ముందు పికెటింగులు జరిగాయి. అదే గాలిలో మన పల్నాడులో పుల్లరి సత్యాగ్రహం రేగింది. మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు నేలకొరిగాడు. అడవి పుల్లరి, కల్లు పన్ను రెండూ ఒకే దొరతనపు పెట్టెలో పడే డబ్బులు. అందుకనే స్వరాజ్యం వస్తే మద్యం పోతుందని జనం నమ్మారు. మద్య నిషేధం మనకు ఒక ఆరోగ్య కార్యక్రమంగా మొదలు కాలేదు, స్వాతంత్ర్యపు వాగ్దానంగా మొదలైంది.

మొదటి నిషేధం

1937లో రాజాజీ మద్రాసు ప్రధాని అయ్యారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుండి సేలం జిల్లాలో నిషేధం పెట్టారు. మరుసటి ఏడు మన చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. పోయిన ఆదాయం పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. మనం దశాబ్దాల పాటు ప్రతి బిల్లు మీదా కట్టిన అమ్మకం పన్నుకు మూలం అదీ. తాగేవాడు కట్టే పన్ను పోయి, ఉప్పూ పప్పూ కొనేవాడు కట్టే పన్ను వచ్చింది. ఇది మంచిదా చెడ్డదా అన్నది వేరే మాట. నిషేధానికి ఖరీదు ఉంటుందనీ, దానిని ఎవరో ఒకరు కట్టాలనీ రాజాజీకి తెలుసు. తెలిసే ముందుగా దారి చూపించారు. తరువాతి వారు ఆ జాగ్రత్త తీసుకోలేదు.

యుద్ధకాలంలో సడలిన నిషేధాన్ని 1946 నుండి తిరిగి పెట్టి, 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ విస్తరించారు. మా ఈపూరు కూడా ఆ విధంగా నిషేధం కిందికి వచ్చింది. నా బాల్యమంతా ఆ చట్టం కిందనే గడిచింది. మా పెద్దలు చెప్పగా విన్నదీ, నేను కొంత చూసిందీ ఏమంటే, కల్లు దుకాణం పోయింది, పోలీసుల తనిఖీ వచ్చింది. కొండల అంచున వాగుల్లో బెల్లం ఊట కుండలు పూడ్చిపెట్టేవారు. పట్నాల్లో మందుల షాపుల వెంట అల్లం టింక్చరుకు గిరాకీ పెరిగింది. అజీర్తికి చుక్కలుగా వాడవలసిన మందును సీసాల లెక్కన తాగేవారు. మరోవైపు చెట్టు ఎక్కి బతికే కల్లుగీత కుటుంబాలకు బతుకుదెరువు పోయింది. నీరా, తాటిబెల్లం సహకార సంఘాలు పెట్టినా అవి అందరికీ అన్నం పెట్టలేకపోయాయి.

ఈ బాధ రాజకీయమై కూర్చుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక నిషేధం సంగతి తేల్చమని ఎస్.వి. రామమూర్తి గారి అధ్యక్షతన సంఘాన్ని వేశారు. నిషేధాన్ని ఎత్తివేయడమే మంచిదని ఆ సంఘం చెప్పింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం దానిని అమలు చేయలేదు. గీత కార్మికుల నాయకుడు గౌతు లచ్చన్నగారు ఎదురు తిరిగారు. 1954 నవంబరు 6న శాసనసభలో ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. తూటాకు ఎదురుగా గుండె చూపిన ఆంధ్ర కేసరిని పదవిలోంచి దించింది కల్లు ముంత అని మా హైస్కూలు మాస్టారు ఒకరు చమత్కరించేవారు. ప్రభుత్వం పడినా నిషేధం మాత్రం వెంటనే పోలేదు.

1956లో తెలంగాణ కలిసిన తరువాత తమాషా ఒకటి జరిగింది. నిజాం రాజ్యంలో నిషేధం ఎన్నడూ లేదు, ఆబ్కారీ పెద్ద ఆదాయం. విలీనం తరువాత కూడా చట్టాలు దేని దారిన అవి ఉన్నాయి. కృష్ణకు ఈవల మన మాచర్ల, గురజాల. ఆవల నల్లగొండ జిల్లా. ఒకే ముఖ్యమంత్రి, ఒకే శాసనసభ. కాని ఈ గట్టున తాగితే నేరం, ఆ గట్టున తాగితే రాజాదాయం. పుట్టి మీద ఏరు దాటితే చట్టం మారిపోయేది. చివరకు 1968లో రాష్ట్రమంతటికీ ఒకే ఎక్సైజు చట్టం వచ్చి, ఆ దశకం ముగిసేలోగా కోస్తా, సీమ జిల్లాల్లో కూడా నిషేధం తొలగిపోయింది. ఇరవై ఏళ్ల చట్టం కాగితం మీద బతికి కాగితం మీదనే పోయింది.

కిస్తీలు కట్టిన రోజులు

ఆ తరువాత రెండు దశాబ్దాలు లైసెన్సు పద్ధతి ఎలా నడిచిందో నేను కిటికీ లోపలి నుంచి చూశాను. ఆబ్కారీ సంవత్సరం అక్టోబరులో మొదలై సెప్టెంబరులో ముగిసేది. ఏటా సారా దుకాణాలకు వేలంపాట. పాడుకున్న కాంట్రాక్టరు నెలనెలా కిస్తీ కట్టాలి. ఆ చలానాలు మా ఖజానాకు వచ్చేవి. ఒక ఏడాది పాట లక్షకు పోతే, మరుసటి ఏడు ప్రభుత్వం వారి అంచనా లక్ష పైనుంచే మొదలవుతుంది. పోయినేటికన్నా తక్కువ వస్తే పై అధికారులు సంజాయిషీ అడుగుతారు. కాంట్రాక్టరు మాత్రం ఆ పెరిగిన పాట సొమ్మును ఎక్కడి నుంచి తెస్తాడు? తాగేవాళ్లను పెంచాలి, లేదా తాగేవాడి చేత ఎక్కువ తాగించాలి. పెద్ద ఊరిలో దుకాణం ఉంటే చిన్న పల్లెల్లో గొలుసు దుకాణాలు పుట్టుకొచ్చేవి. అప్పు మీద పోసేవారు. కూలి డబ్బులు ఇంటికి రాకముందే దుకాణంలో జమ అయ్యేవి.

1980లలో ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ పాకెట్లలో పోయించి సరఫరా చేసే పద్ధతి వచ్చింది. వారుణి వాహిని అన్నారు. కల్తీ పోతుందనీ, కొలత సరిగా ఉంటుందనీ చెప్పిన కారణం. అవి జరిగాయేమో గాని, జేబులో పట్టే పాకెట్టు అయ్యేసరికి సారా దుకాణం దగ్గర ఆగక పొలం గట్టుకు, ఇంటి అరుగుకు నడిచి వచ్చింది. రాష్ట్రంలో ఆబ్కారీ ఆదాయం 1970-71లో 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 812 కోట్లు. ధరల పెరుగుదల, జనాభా పెరుగుదల తీసేసినా ఇది చిన్న సంగతి కాదు. మా పద్దు పుస్తకంలో అది అభివృద్ధి. పల్లెలో పుస్తెలతాడు తాకట్టు.

చట్టం అనుమతించినంత మాత్రాన వ్యాపారం మర్యాదగా నడుస్తుందని అనుకునేవారు ఈ ఇరవై ఏళ్లను గమనించాలి. అంతా లైసెన్సుతోనే, రసీదుతోనే జరిగింది.

దూబగుంట నుండి సచివాలయం దాకా

1992లో నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ, పాఠంలో ఉన్న కథను తమ కథగా గుర్తించినవాళ్లు వారు. వర్ధినేని రోశమ్మగారి పేరు ఆనాడే రాష్ట్రమంతా తెలిసింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా బండ్లను ఊళ్లోకి రానివ్వలేదు. నెల్లూరు జిల్లాలో వేలంపాటలు జరగనివ్వలేదు. పార్టీలు తరువాత వెంటవచ్చాయి, పత్రికలు అండగా నిలిచాయి, కాని మొదలు పెట్టింది పల్లెటూరి ఇల్లాళ్లు.

కోట్ల విజయభాస్కరరెడ్డిగారి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావుగారు తిరిగి ముఖ్యమంత్రి అయ్యి, 1995 జనవరి 16 నుండి కల్లు తప్ప మిగిలిన మద్యమంతా నిషేధించారు.

మొదటి నెలల్లో జరిగిన మంచిని ఎవరూ కాదనలేరు. మా కార్యాలయంలో ఒక అటెండరు భార్య ప్రతి ఒకటో తారీఖునా గేటు దగ్గర నిలబడి ఉండేది. భర్త జీతం చేతికి రాగానే ముందు తన చేతిలో పడాలని ఆమె ఆరాటం. 1995 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆమె రాలేదు. ఒంట్లో బాగాలేదా అని అడిగితే, "ఇప్పుడు రావలసిన పని లేదండీ, తనే తెస్తున్నాడని చెప్పింది" అని తోటి గుమాస్తా నవ్వాడు. అలాంటి ఇళ్లు వేలల్లో ఉన్నాయి. నిషేధం దండగ అని మాట్లాడేవారు ముందు ఆ ఇళ్లకు సమాధానం చెప్పాలి.

కాని ఏడాది తిరగకముందే సంగతి మారింది. మనకు నాలుగు వైపులా తాగడానికి అనుమతి ఉన్న రాష్ట్రాలు. గోదావరి పక్కన యానాం వేరే పాలన. లారీల్లో, రైళ్లలో, పాల క్యాన్లలో సీసాలు రావడం మొదలయింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు గదా. పల్లెల్లో నాటుసారా పొయ్యిలు మళ్లీ రాజుకున్నాయి. మామూళ్లు ఒక జేబులోంచి ఇంకొక జేబుకు మారాయి. పై రకం తాగేవాడికి సీసా ఇంటికే వచ్చేది, కూలివాడికి మాత్రం విషం లాంటి సరుకు, దొరికితే కేసు. మా 0039 పద్దు కింద చలానాలు పలచబడ్డాయి. రాజాజీ ముందుగా చూపిన దారి వంటిది ఇక్కడ లేకపోయింది. 1996లో రెండు రూపాయల కిలో బియ్యం మూడున్నర రూపాయలయింది. కరెంటు రేట్లు, బస్సు చార్జీలు పెరిగాయి. చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వం 1997 ఏప్రిల్ 1 నుండి నిషేధాన్ని సడలించింది. రెండేళ్ల రెండున్నర నెలల ముచ్చట అది.

ఇందులో ఒక విశేషం ఉంది. సారా మీద 1993 నాటి నిషేధం నేటికీ తీసివేయలేదు. ఏ పార్టీ ప్రభుత్వమూ వేలంపాట సారాను, ఆ పాకెట్లను తిరిగి తేవడానికి సాహసించలేదు. నాటుసారా దొంగతనంగా కాస్తూనే ఉన్నా, పాకెట్ల సారా కాంట్రాక్టరు మాత్రం మళ్లీ పుట్టలేదు. పైనుంచి వచ్చిన సంపూర్ణ నిషేధం నిలవలేదు. కింది నుంచి ఆడవాళ్లు అడిగి తెచ్చుకున్న సారా నిషేధం నిలిచింది. ఇది మనం గుర్తు పెట్టుకోవలసిన తేడా.

దుకాణం సర్కారుదైనా

అమ్మేవాడు ప్రైవేటు కాంట్రాక్టరు గనుక ఇన్ని తిప్పలు, ప్రభుత్వమే అమ్మితే పోతుంది కదా అనే వాదన ఒకటి ఉంది. అదీ చూశాం. 2019 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలన్నీ ప్రభుత్వమే నడిపింది. దశలవారీగా నిషేధానికి వెళ్తామని చెప్పి, 4,380 దుకాణాలను 3,500కు తగ్గించారు. 2020 మే నెలలో ధరలు 75 శాతం పెంచారు. అప్పటికి రాష్ట్రం విడిపోయి ఉంది. మళ్లీ కృష్ణకు ఆవల ఒక ధర, ఈవల ఒక ధర. మా చిన్ననాటి పుట్టి దాటుడు ఈసారి మోటారు సైకిళ్ల మీద జరిగింది. దానిని పట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టవలసి వచ్చింది. తాగుడు తగ్గించడమే ధ్యేయమని చెప్పిన ప్రభుత్వమే 2022లో మద్యం ఆదాయాన్ని నమ్మించి బాండ్ల మీద అప్పు తెచ్చింది. ఆదాయం చూపి అప్పు తెచ్చినవాడు ఆ ఆదాయం తగ్గాలని ఎలా కోరుకుంటాడు? 2024 అక్టోబరులో తరువాతి ప్రభుత్వం 3,396 దుకాణాలను తిరిగి ప్రైవేటు వారికి ఇచ్చి, 99 రూపాయల క్వార్టరు సీసా తెచ్చింది.

ఈ నడుమ 2020 జులై నెలాఖరులో మనకు దగ్గరి కురిచేడులో జరిగింది మీకందరికీ తెలుసు. వినుకొండ నుండి రైలులో వెళితే ఎంతో దూరం లేదు. కరోనా కట్టడి వల్ల మద్యం దుకాణాలు మూసిన రోజుల్లో, అలవాటు ఆపుకోలేనివారు చేతులకు రాసుకునే శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. 1950లలో అల్లం టింక్చరు, 2020లో శానిటైజరు. తాగుడు ఒక స్థాయి దాటాక అది కోరిక కాదు, జబ్బు. జబ్బుపడ్డవాడికి తలుపు మూస్తే వాడు కిటికీ పగలగొడతాడు. అలాంటివాడికి తలుపు మూసేముందు ఆసుపత్రి తలుపు తెరిచి ఉంచాలి.

ఇక గంజాయి మాట

దేశంలో గంజాయి లైసెన్సుల కాలం 1985తో ముగిసింది. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం పాతికేళ్ల గడువు తీసుకుంది. ఆ గడువు తీరేముందు మాదక ద్రవ్యాల చట్టం చేసింది. అది 1985 నవంబరు 14 నుండి అమల్లో ఉంది. ఆకుతో చేసే భంగును ఆ చట్టం తాకదు, పూత గుత్తులను మాత్రమే గంజాయి అంటుంది. కిలో లోపు దొరికితే ఏడాది వరకు జైలు. ఇరవై కిలోలు దాటితే పది నుండి ఇరవై ఏళ్లు. ఇంత కఠినమైన చట్టం ఉన్నా విశాఖ మన్యంలో శీలావతి రకం గంజాయి సాగు దేశమంతటికీ సరఫరా అయ్యే స్థాయికి పెరిగింది. 2021 చివర పోలీసులు పరివర్తన పేరుతో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. పట్టుబడేది ఎవరు? సాగు చేసిన గిరిజనుడు, బస్సులో సంచి మోసిన కుర్రవాడు. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో ఉంటాడు.

అయితే చట్టం వల్ల ప్రయోజనమే లేదా అంటే, ఉంది. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ వారి చేత చేయించి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లు. భంగు, గంజాయి, చరస్ అన్నీ కలిపి వాడేవారు సుమారు 3 కోట్లు. అందులో కూడా ఎక్కువమంది అనుమతి ఉన్న భంగు వాడేవారే. అంగడి ఉన్నచోట అలవాటు విస్తరిస్తుందని ఈ అంకెలు చెబుతున్నాయి. మద్యం మనుషుల అలవాటు, గంజాయి కొందరిదే అనే మాటలో కొంత నిజం ఉండవచ్చు. కాని అంగడి పాత్రను తోసివేయలేము.

పై దేశాల అనుభవం కూడా ఒకే దారి చూపడం లేదు. అమెరికా 1920లో మద్యం నిషేధించి, ముఠాలను పెంచి, 1933లో ఎత్తివేసింది. పోర్చుగల్ 2001లో అమ్మేవాడిని నేరస్థుడిగానే ఉంచి, కొద్దిపాటి సరుకుతో దొరికిన వాడుకదారును మాత్రం జైలుకు బదులు సలహా సంఘం ముందుకు పంపింది. కెనడా 2018లో గంజాయి అమ్మకానికి అనుమతిచ్చింది. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం 2021లో అన్ని మత్తుల వాడకానికీ శిక్షలు తీసేసి, చికిత్స ఏర్పాట్లు సరిగా అందక, 2024లో తిరిగి నేరం చేసింది. థాయిలాండ్ 2022లో గంజాయిని వదిలేసి, వీధివీధినా దుకాణాలు వెలిశాక, 2025లో డాక్టరు చీటీ ఉంటేగాని అమ్మరాదని వెనక్కు తిరిగింది. అన్నిటికన్నా పెద్ద పాఠం అమెరికాలోనే ఉంది. 1996లో ఒక మందుల కంపెనీ నల్లమందు జాతికి చెందిన నొప్పి మాత్రను అన్ని అనుమతులతో బజారులో పెట్టింది. అలవాటు పడే ప్రమాదం తక్కువని డాక్టర్లను నమ్మించింది. 2007లోనూ 2020లోనూ కోర్టులో నేరం ఒప్పుకుంది. ఈలోగా లక్షల కుటుంబాలు చితికిపోయాయి. అదంతా చట్టబద్ధమైన సీసాలోంచే మొదలయింది.

ఈ మధ్య మన తోటి పెన్షనరు ఒకరి మనవడు ఇంజనీరింగు చదువుతూ గంజాయికి అలవాటు పడ్డాడు. ఇంట్లో తెలిసి కూడా ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే పోలీసులకు తెలుస్తుందేమో, కేసు అవుతుందేమో, ఉద్యోగం రాదేమో అని భయం. ఆ ఆరు నెలల్లో పిల్లవాడు చదువు మానేశాడు. నిజానికి అదే చట్టంలో 64ఏ సెక్షను ఉంది. కొద్ది మొత్తంతో దొరికినవాడు, అలవాటు పడినవాడు, తనంత తానుగా గుర్తింపు ఉన్న కేంద్రంలో చేరి చికిత్స పూర్తి చేసుకుంటే అతడిని శిక్షించనక్కరలేదు. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరూ చెప్పలేదు.

నాకు తోచింది

ఇంత చరిత్ర చూశాక, నిషేధమా అనుమతా అన్న ప్రశ్నను నేను కొంచెం మార్చి అడుగుతాను. అమ్మకం పెరిగితే ఎవరికి లాభం? 1992కు ముందు సారా చట్టబద్ధమే. కాంట్రాక్టరుకూ ప్రభుత్వానికీ అమ్మకం పెరగడమే లాభం గనుక పల్లెలు మునిగాయి. 1995లో నిషేధమే. లాభం దొంగ వ్యాపారికి పోయింది గనుక అదీ కూలింది. 2019లో దుకాణం ప్రభుత్వానిదే. ఖజానాకు ఆ డబ్బు లేనిదే గడవదు గనుక మాట ఒకటి, లెక్క ఒకటి అయింది. కంచే చేను మేసే చోట కంచెను మార్చి ప్రయోజనం ఏమిటి?

కాబట్టి గంజాయికి అంగడి తెరవమనే మిత్రులతో నేను ఏకీభవించలేను. సారా దుకాణాన్ని అదుపులో పెట్టలేని చేతులకు ఇంకొక దుకాణం అప్పగించడం ఎందుకు? గంజాయి కమిషన్ వారి సలహాలో పన్ను వేయండి అన్న సగం ప్రభుత్వాలకు రుచిస్తుంది. దుకాణాలు తగ్గించండి అన్న సగం రుచించదు. అట్లాగే రేపే సంపూర్ణ మద్య నిషేధం పెట్టమనే మిత్రులతోనూ ఏకీభవించలేను. అది 1948లోనూ 1995లోనూ బీదవాడి మీద కేసుగా, బలిసినవాడికి ఇంటికి వచ్చే సీసాగా ముగిసింది.

చేయవలసినవి నాకు మూడు కనిపిస్తున్నాయి. మొదటిది, అమ్మేవాడి మీద, పెట్టుబడి పెట్టినవాడి మీద చట్టం కఠినంగా ఉండాలి. అలవాటు పడినవాడికి మాత్రం ఆసుపత్రి దారి చూపాలి. రెండవది, ఆబ్కారీ రాబడిలో ఒక నికరమైన వాటాను వ్యసన విముక్తి కేంద్రాలకు, ప్రతి ఏరియా ఆసుపత్రిలో అందుకు ఒక డాక్టరుకు కేటాయించాలి. రాబడి పెరిగిన కొద్దీ చికిత్స ఖర్చు కూడా పెరిగేలా ఉంటే లెక్క కొంతైనా సరిపోతుంది. మూడవది, ఊళ్లో బెల్టు షాపు ఉండాలా వద్దా అన్నది ఆ ఊరి ఆడవాళ్లకు వదిలేయాలి. 1993 నిషేధం ఎందుకు నిలిచిందో మనం చూశాం గదా.

ప్రభుత్వాల సంగతి అలా ఉంచి, మనం చేయగలిగింది కూడా ఉంది. మన సంఘంలో ఉపాధ్యాయులుగా, నర్సులుగా, పోలీసు శాఖలో, రెవెన్యూలో పనిచేసి వచ్చినవారు ఉన్నారు. ఏ ఇంట్లో ఈ బాధ వచ్చినా దాచుకోకుండా మనలో ఒకరికి చెప్పుకునే చనువు కల్పించాలి. కేంద్ర ప్రభుత్వపు 14446 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేసి సలహా అడగవచ్చు. 64ఏ సెక్షను గురించి తెలిసిన వకీలు ఒకరిని వచ్చే సమావేశానికి పిలిచి మాట్లాడించమని కార్యవర్గం వారికి నా విన్నపం. పెన్షను కోసం వరుసలో నిలబడినప్పుడు ఈ ముక్క ఒకరికొకరు చెప్పుకుంటే, వచ్చే ఏడాది ఏదో ఒక ఇంట్లో ఒక పిల్లవాడికి ఆరు నెలలు మిగులుతాయి. అంతకన్నా పెద్ద రాబడి ఏ పద్దులోనూ నేను చూడలేదు.